కాగితం మీద పేరు చూశాకే ఫీజు కడదాం

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నువ్వు ఆ ఏజెంటు చెప్పిన ఫ్రాన్స్ కాలేజీ గురించి "సీటు గ్యారంటీ అంట అమ్మా, నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే చాలంట" అన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నీ మీద కోపం కాదు. నువ్వు ఫ్రాన్స్ వెళ్లాలనుకోవడం నాకూ ఇష్టమే, అందుకే ఈ రెండు నెలలూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని అక్కడి చదువుల గురించి చదువుతూనే ఉన్నాను. ఫోన్లో చెబితే నువ్వు సగం విని "సరేలే" అంటావని అంతా రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదువు.

ముందు మీ చిన్న మావయ్య సంగతి. వాడు ప్యారిస్ వెళ్లాడని, రెండేళ్లకే తిరిగొచ్చేశాడని మాత్రమే నీకు తెలుసు. ఎందుకొచ్చాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. తాతయ్య అరెకరం కొబ్బరితోట అమ్మి ఒక ప్రైవేటు కాలేజీకి ఫీజు కట్టారు. వాడు బాగానే చదివాడు, అన్నీ పాసయ్యాడు. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడే ఉండే పర్మిట్‌కి అప్లై చేస్తే, నీ డిగ్రీ మా లిస్టులో లేదన్నారు. వాడు మాస్టర్స్ చేశాననుకుంటున్నాడు, మేమూ అలాగే అనుకున్నాం. మొన్న వాడి సర్టిఫికెట్ తీసి కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూశాను. మాస్టర్ అనే మాటకి చివర ఇంకో ఇ ఉంది, దాని ముందున్న ఇ మీద చిన్న ఏటవాలు గీత ఉంది. ఫ్రెంచ్‌లో రెండూ పలకడం ఒక్కలాగే ఉంటుంది, చెవికి తేడా తెలియదు. గీత లేనిది ప్రభుత్వం ఇచ్చే డిగ్రీ. గీత ఉన్న పేరు ప్రైవేటు కాలేజీలు సొంతంగా పెట్టుకోవచ్చు. (గ్రాండ్ ఎకోల్స్ అంటే అక్కడి పేరున్న ఉన్నత విద్యా స్కూళ్లు, వాటి సంఘం ముద్రతో, ఆ గీత ఉన్న మాటతోనే, స్పెషలైజ్డ్ మాస్తేర్ అని ఒకటుంది, దాన్ని ఆ పర్మిట్‌కి ఒప్పుకుంటారు. మావయ్యది అది కాదు.) ఆ గీత దగ్గర మన అరెకరం పోయింది తల్లీ.

నీకు ఆ ఏజెంటు పంపిన బ్రోచర్‌లో కూడా ఆ గీతే ఉంది. "ప్రభుత్వ గుర్తింపు ఉంది" అని రాశారంటావా, అది అబద్ధమని నేననను. ఫ్రాన్స్‌లో ఉద్యోగ అర్హతలన్నీ నమోదు చేసే జాతీయ రిజిస్టర్ ఒకటుంది, ఆర్ఎన్‌సీపీ అంటారు, ఆ కోర్సు పేరు అందులో ఉండొచ్చు. కానీ రిజిస్టర్‌లో పేరుండటం వేరు, ప్రభుత్వం ఇచ్చే నేషనల్ డిగ్రీ కావడం వేరు. కాబట్టి కాలేజీ ఎంత బాగుంటుందని కాదు, చివర్లో చేతికిచ్చే కాగితం మీద ఏ పేరుంటుందని అడుగు, అదీ ఈమెయిల్లో రాసి ఇమ్మని అడుగు. యూనివర్సిటీలు కూడా తమ సొంత పేరు మీద యూనివర్సిటీ డిప్లొమాలని ఇస్తుంటాయి. పక్కన చేసుకోవడానికి బాగానే ఉంటాయి, కానీ అవీ నేషనల్ డిగ్రీలు కావు.

ఇక నీ బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ తర్వాత అక్కడ ఏమున్నాయో చెబుతాను. మొన్న నువ్వు "లిసాన్స్ ప్రొఫెసియొనెల్ అంటే మళ్లీ డిగ్రీ చదవడమేగా" అని కొట్టిపారేశావు. స్థాయి డిగ్రీదే, నిజమే. రెండేళ్ల చదువు మీద ఒక్క ఏడాది, అందులో 12 నుంచి 16 వారాలు కంపెనీలో స్టాజ్ చెయ్యాలి, అంటే ఇంటర్న్‌షిప్. ఒక పని పూర్తిగా నేర్పి ఉద్యోగానికి పంపే కోర్సు అది. పైగా మావయ్యకి రాని ఆ పర్మిట్‌కి మామూలు లిసాన్స్, అంటే అక్కడి మూడేళ్ల డిగ్రీ, పనికిరాదు, ఈ ప్రొఫెషనల్ లిసాన్స్ మాత్రం పనికొస్తుంది. అయినా నీకు నేను దాన్ని మొదట పెట్టను. మూడేళ్ల డిగ్రీ చేతిలో ఉండి మళ్లీ అదే మెట్టు మీద ఎందుకు? మాస్టర్‌లో సీటు రాకపోతే అప్పుడు చూద్దాం.

యూనివర్సిటీ మాస్టర్ రెండేళ్లు. నీ సబ్జెక్టుకి అక్కడ పేరు ఈఈఏ, అంటే ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ ఎనర్జీ, ఆటోమేటిక్ (అంటే కంట్రోల్ సిస్టమ్స్) కలిపి ఒకే మాస్టర్. గ్రెనోబుల్‌లో ఉంది, టులూజ్‌లో ఉంది, లీల్‌లో ఉంది. నా మనసు గ్రెనోబుల్ మీద ఉంది. ఆ ఊరి పక్కనే క్రోల్‌లో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ చిప్‌ల ఫ్యాక్టరీ ఉంది, ఊళ్లో లెటీ అనే పెద్ద సెమీకండక్టర్ రీసెర్చ్ ల్యాబ్ ఉంది. చివరి సెమిస్టర్ స్టాజ్ కోసం వెతికేటప్పుడు నీ పనికి సంబంధించిన కంపెనీలు బస్సు దూరంలో ఉండటం ఎంత మేలో ఆలోచించు. ప్యారిస్ చూడాలంటే రైల్లో వెళ్లి చూడొచ్చు.

ఇంజినీరు డిగ్రీ ఇంకో దారి. అక్కడ ఇంజినీరు డిగ్రీ ఏ స్కూలు పడితే ఆ స్కూలు ఇవ్వలేదు, సీటీఐ అనే కమిషన్ ఒప్పుకోవాలి, 1934 నుంచి ఉందది. నీలాంటి బీఎస్సీ వాళ్లని కొన్ని స్కూళ్లు మార్కులు, ఇంటర్వ్యూ చూసి తీసుకుంటాయి, కానీ మూడేళ్లు చదవాలి. యూనివర్సిటీల్లోనే పాలిటెక్ పేరుతో ఉన్న స్కూళ్లు చూడు, లియోన్‌లో 1957 నుంచి ఉన్న ఇన్సా అనే ఇంజినీరింగ్ స్కూలు చూడు. మూడో ఏడాది ఖర్చు గురించి నువ్వు టెన్షన్ పడకు, అది నేనూ నాన్నా చూసుకుంటాం. తమ్ముడు ఇంటర్ అవగానే వస్తానంటున్నాడు, వాడికైతే యూనివర్సిటీల్లోని టెక్నాలజీ సంస్థల్లో, వాటిని ఐయూటీలంటారు, బీయూటీ అని మూడేళ్ల కోర్సు ఉంది, 2021లో పాత రెండేళ్ల డిప్లొమా స్థానంలో వచ్చింది. వాడి సంగతి తర్వాత.

డబ్బు విషయం దాచకుండా చెబుతాను. యూరప్ బయటి పిల్లలకి 2019 నుంచి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు పెంచారు, మాస్టర్‌కి ఏడాదికి 3,770 యూరోలతో మొదలైంది, అప్పటి నుంచి కాస్త పెరిగింది. కొన్ని యూనివర్సిటీలు అందులో మినహాయింపు ఇస్తాయి, కాబట్టి ప్రతి చోటా విడిగా అడగాలి. పెంచిన ఫీజు కట్టినా నీ బ్రోచర్‌లో ఉన్నదానిలో సగం కూడా కాదు. బతకడానికి నెలకి 615 యూరోలు ఉన్నట్టు వీసాకి చూపించాలి, అసలు ఖర్చు అంతకన్నా ఎక్కువే అవుతుందనుకుని మేం లెక్క వేసుకున్నాం. ఏడాదికి 964 గంటలు పని చేసుకోవచ్చు కానీ మొదటి సెమిస్టర్ ఏ పనీ పెట్టుకోకు, చదువు మీదే ఉండు. ఆ ఏజెంటు "ఆల్టర్నాన్స్‌లో చేరితే కంపెనీయే ఫీజు కడుతుంది" అన్నాడు కదా, ఆ పద్ధతి నిజంగానే ఉంది, చదువూ ఉద్యోగమూ కలిపి చేస్తారు. కానీ మనలా బయటి నుంచి వెళ్లినవాళ్లకి చాలా కోర్సుల్లో ఒక ఏడాది అక్కడ చదివాకే అది కుదురుతుంది, పైగా కంపెనీని నువ్వే వెతుక్కోవాలి. దాన్ని నమ్ముకుని ఫీజు ఒప్పుకోవద్దు.

ఫ్రెంచ్ నేర్చుకోవాల్సిందే బుజ్జీ, ఇందులో మాత్రం నేను తగ్గను. ఇంగ్లిష్‌లో చెప్పే మాస్టర్లు ఉన్నాయి, కానీ ఫ్రెంచ్ కోర్సులకి ఎక్కువగా బీ2, అంటే బాగా మాట్లాడి రాయగలిగే స్థాయి, అడుగుతారు, అది వస్తే నీకు తలుపులు ఎన్ని తెరుచుకుంటాయో. స్టాజ్‌లో పక్కన నిలబడి పని చూపించే టెక్నీషియన్ నీతో ఇంగ్లిష్‌లో మాట్లాడతాడని అనుకోకు. నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావు, అక్కడే ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, వచ్చే బ్యాచ్‌లో చేరు, ఫీజు రేపే వేస్తాను. దీనివల్ల ఒక ఏడాది ఆలస్యమైనా నాకు బాధ లేదు. అక్కడ మార్కులు 20కి వేస్తారు, 10 వస్తే పాస్, 14 వస్తే బాగా చదివినట్టు, 16 దాటితే చాలా గొప్ప. వెళ్లాక 12 చూసి ఏడుస్తూ ఫోన్ చెయ్యకు.

మాస్టర్ అయ్యాక మనవాళ్లకి ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ ఏడాది ఇస్తారు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. మావయ్యకి అందనిది ఇదే. ఆ రెండేళ్లు నీకు దక్కాలనే నా బాధంతా.

అప్లికేషన్ ఎతూద్ ఆన్ ఫ్రాన్స్ అనే ప్రభుత్వ సైట్‌లో పెట్టాలి, బయటి దేశాల పిల్లల కోసం ఫ్రాన్స్ ప్రభుత్వం పెట్టిన క్యాంపస్ ఫ్రాన్స్ వాళ్లు ఇంటర్వ్యూ చేస్తారు, ఈ కోర్సే ఎందుకని అడుగుతారు. దానికి జవాబు ఏజెంటు రాసిచ్చింది కాకుండా నీ నోటి నుంచి రావాలి.

అడ్వాన్స్ కట్టవద్దు. వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే అమ్మని అడగాలని చెప్పు, చెడ్డపేరు నాకే రానీ. నువ్వు చూసుకున్న కోర్సుల పేర్లు ఫ్రెంచ్‌లో ఉన్నవి ఉన్నట్టు, గీతలతో సహా, శనివారంలోగా నాకు పంపు. ఆదివారం మావయ్య అమలాపురం వస్తున్నాడు. అవన్నీ నీతో కూర్చుని చూస్తానని వాడే అన్నాడు, పదకొండింటికి వీడియో కాల్ చేస్తాం. వాడి సర్టిఫికెట్ ఫోటో కూడా పంపుతున్నాను, చూపించమని వాడే చెప్పాడు.

అమ్మ