అమ్మ చీరలను బొంతగా కుట్టి ఇచ్చిన తల్లులకు కృతజ్ఞతలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి మేడమీద ప్రతి శనివారం మధ్యాహ్నం కూర్చొని పదిమంది కోసం బొంతలు కుట్టే పెద్దమ్మలకూ, అక్కలకూ, పిన్నిగార్లకూ అజిత్ సింగ్ నగర్ నుంచి నమస్కరించి రాస్తున్నాను. పేర్లు రాయవద్దని మీరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. అయినా మీరు చేసిన పని మన ఊళ్లో నలుగురికీ తెలియాలన్న కోరికతో, మీ అనుమతి తీసుకొనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2024 ఆగస్టు 31న కుండపోతగా కురిసిన వానకు బుడమేరు వాగు పొంగి, కట్టకు గండ్లు పడి, సెప్టెంబరు 1 ఆదివారం నాడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు కాలనీలు నీట మునిగిన సంగతి విజయవాడలో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. మేము కళ్లు తెరిచేసరికి గడప దాటిన నీళ్లు మధ్యాహ్నానికి కిటికీ అంచును అందుకోవడంతో, పిల్లలను ఎత్తుకొని పక్కవారి డాబా ఎక్కాము. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి పోతోందని విన్నప్పుడు, ఒక పక్క కృష్ణ, మరో పక్క బుడమేరు, మధ్యలో మేము అనిపించింది. మూడో రోజు పడవలో బయటపడి గుణదలలో మా ఆడపడుచు ఇంటికి చేరాము. ఏడో తేదీన వచ్చిన వినాయక చవితికి మా వీధిలో ఇంకా నీళ్లే ఉన్నాయి.

నీళ్లు తీశాక ఇంటికి వచ్చి చూస్తే మంచం కింద మా అమ్మ ట్రంకుపెట్టె ఒండ్రుతో నిండి ఉంది. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె కట్టుకున్నవాటిలో ఏడు చీరలు దాచుకున్నాను: రెండు మంగళగిరి నూలు చీరలు, ఒక వెంకటగిరి చీర, రోజూ కట్టి కట్టి వెన్నలా మెత్తబడిన మూడు నేత చీరలు, ఆమె పెళ్లిపట్టు. పది రోజులు బురదనీళ్లలో నానడంతో పట్టుచీర ఎరుపు వెలిసి మిగిలిన వాటికంతా అంటుకుంది, జరీ నల్లబడింది, వాసన భరించలేకుండా ఉంది. అగ్నిమాపక శకటాలు వచ్చి గొట్టాలతో ఇళ్లలోని బురద కడుగుతున్న రోజులు అవి. పాడైన పరుపులు, బీరువాలు, పిల్లల పుస్తకాలు అందరూ వీధిలో పోస్తుంటే ట్రాక్టర్లు ఎత్తుకుపోతున్నాయి. నేనూ మనసు రాయి చేసుకొని ఆ చీరలను ఆ కుప్పమీదే వేశాను.

అదే ఉదయం మీలో ఇద్దరు ఆటోలో బొంతలు వేసుకొని మా వీధికి వచ్చారు. దూది పరుపు ఒకసారి నీటిలో మునిగితే లోపల ఆరక ముక్కిపోతుందని, పాత చీరల బొంత అయితే తడిసినా ఒక్క పూట ఎండకు ఆరిపోతుందని చెప్పి ఇంటికి రెండేసి చొప్పున ఇచ్చారు. ఆ రాత్రి చెమ్మ ఆరని గచ్చుమీద నా పిల్లలు పడుకున్నది వాటిమీదే. అయితే అంతకన్నా పెద్ద మేలు అప్పటికే జరిగిపోయింది. మీలో పెద్దావిడ ఆ కుప్ప దగ్గర ఆగి, మంగళగిరి చీర కొంగును రెండు వేళ్లతో నలిపి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగి చూసి, "నూలు చెక్కుచెదరలేదమ్మా, మురికి పట్టిందంతే, మాకు ఇస్తారా?" అని అడిగారు. ఎవరివని అడిగితే చెప్పలేక నేను ఏడ్చాను. ఆవిడ మరి ఏమీ అడగకుండా ఏడింటినీ ఒక గోనెసంచిలో పెట్టుకొని వెళ్లారు.

ఆ తరువాత మీరు ఎంత శ్రమపడ్డారో నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. బురద గుడ్డను తడిమీద రుద్దితే మట్టి నూలులోకి ఇంకిపోతుందని ముందుగా వాటిని నీడన ఆరబెట్టి, ఎండిన మట్టిని మెత్తటి బ్రష్షుతో దులిపి, చన్నీళ్లలో నీరు తేటపడేదాకా జాడించి, ఆ పైన కుంకుడురసంలో నానబెట్టి ఉతికారట. వాసన పోవడానికి వరసగా ఎన్నో రోజులు డాబామీద ఎండలో వేసి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగున వెళ్లి తీశారట. మీ సొంత పిల్లల బట్టల కోసమైనా ఇంత ఓపిక పట్టేవారా అని నేను అడిగితే, మీరు నవ్వి ఊరుకున్నారు.

దసరా వెళ్లాక ఒక శనివారం నన్ను పిలిపించారు. చీరలు తెచ్చుకోవడానికే అనుకొని వచ్చాను. చాపల మీద పదిమంది దాకా కూర్చొని ఉన్నారు, మధ్యలో అమ్మ చీరలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. పట్టుచీరను మాత్రం నిలబెట్టలేకపోయామని, పట్టుకుంటే పొరలు పొరలుగా విడిపోతోందని దాచకుండా చెప్పారు. మిగిలినవీ కట్టుకోవడానికి పనికిరావు కానీ బొంతకు పనికివస్తాయని, కత్తెర పెట్టడానికి నా అనుమతి కావాలని అడిగారు. ఒక్క మాట అడగకుండా కుట్టి ఇచ్చినా నేను సంతోషించేదాన్నే. అడిగి, నేను తేల్చుకునేదాకా కత్తెర ముట్టుకోకుండా కూర్చున్నారే, ఆ మర్యాదను నేను మరచిపోలేను.

బొంత కుట్టడం మా అమ్మమ్మ ఇంట్లో చూశాను గాని ఎప్పుడూ సూది పట్టలేదు. ఐదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే ఒక మనిషి పడుకునే కొలత వస్తుందని, బాగా చిల్లులు పడినవి లోపలి పొరలుగా, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ వేయాలని మీరే చూపించారు. పొరలన్నీ పరిచి, మూలలకు బరువులు పెట్టి, చేత్తో ముడతలు తీస్తూ నడిమి నుంచి అంచులవైపు దూరం దూరంగా టాకాలు వేయించారు. అలా వేయకపోతే ఉతికినప్పుడు లోపలి పొర ఒకచోటికి ముద్దగా జారిపోతుందట. ఆ తరువాత రెండు పేటల తెల్లటి నూలు దారంతో ఇటు ఇద్దరు, అటు ఇద్దరు వరసకు వరస చిన్న చిన్న కుట్లు వేసుకుంటూ వచ్చాము. నా కుట్లు వంకరపోయినా ఎవరూ విప్పలేదు.

ఆ కుట్టే వేళల్లో మాట్లాడుకున్న మాటలే నన్ను మళ్లీ మనిషిని చేశాయి. వాన చినుకు చప్పుడు వింటే నిద్రలో ఉలిక్కిపడి లేచి గడప దగ్గరకు వెళ్లి చూసే అలవాటు నాకు వరద తరువాత పట్టుకుంది, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, ఎవరి ముఖమూ చూడకుండా, మీ మధ్య చెప్పగలిగాను. పక్కన కుడుతున్న అక్క తనకూ అలాగే అవుతోందని చెప్పి, తన కుట్టు ఆపకుండానే నా వరస కూడా ముందుకు లాగారు. నాలుగు గంటలకు టీ, ఎవరో తెచ్చిన పులిహోర, కార్తీకమాసంలో ఉపవాసం ఉన్నవాళ్లకు అరటిపళ్లు. ఇంత చిన్న విషయాలు కూడా రాస్తున్నానంటే, నెలన్నర పాటు ఇతరులు పెట్టింది తింటూ బతికిన నాకు, మీతో సమానంగా కూర్చొని పని చేసి తిన్న ఆ టిఫిను ఎంత విలువైనదో మీకు తెలియాలని.

భోగినాడు పొద్దున్నే బొంతను ఇంటికి తెచ్చి ఇచ్చారు. వెంకటగిరి చీర అంచును నాలుగు వైపులా పట్టీగా వేశారు. తెల్లటి మంగళగిరి చీరమీద పట్టుచీర ఎరుపు దిగి పడిన మరకను తీసేయకుండా నడిమధ్యన వచ్చేలా అమర్చారు. కట్టుకోవడానికి దక్కని అమ్మ పెళ్లిచీర ఆ మాత్రమైనా నా దగ్గర ఉండాలని అలా చేశామని పెద్దావిడ చెప్పారు. అతుకుల బొంత అని తేలికగా అనేస్తాం గాని, ఆ బొంతమీద నా చెల్లెళ్లిద్దరూ చెయ్యి వేసి ఏ ముక్క అమ్మ ఎప్పుడు కట్టుకున్నదో గుర్తు చేసుకుంటూ పొద్దెక్కేదాకా కూర్చున్నారు. ఇప్పుడు దానిని మా చిన్నపాప కప్పుకొని పడుకుంటోంది.

ఆటో కిరాయి కూడా తీసుకోని మీకు నేను తిరిగి ఇవ్వగలిగింది ఏమీ లేదు, అందుకే శనివారాలు ఇస్తున్నాను. ఇప్పుడు మేము ప్రభుత్వాసుపత్రిలో పురిటికి వచ్చే పేద తల్లుల కోసం పసిబిడ్డల బొంతలు కుడుతున్నాము. వాటికి బాగా మెత్తబడిన నూలు చీరలు, పాత పంచెలు కావాలి. పాలిస్టరు చెమట పీల్చదు, జరీ బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి అవి వద్దు. చిరుగులు ఉన్నా ఫర్వాలేదు, ఉతికి ఆరబెట్టి ఇస్తే చాలు. సింగ్ నగర్, పాయకాపురం వైపు ఉన్నవారు నాకు కబురు పెడితే శుక్రవారం సాయంత్రం నేనే వచ్చి తీసుకుంటాను.