ఆకు బొమ్మ అచ్చువేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

ధరించదగిన వస్త్రకళపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. అయితే ఆకులు, అలలు, సీతాకోకచిలుకల బొమ్మలను యంత్రంపై అచ్చువేసిన దుస్తులనూ, గాలి, నీరు, వేడి వంటివాటినే పనిముట్లుగా చేసుకొని తయారైన వస్త్రాలనూ ‘ప్రకృతి ప్రేరణ’ అంటూ ఒకే గాటన కట్టడంతో ఈ ప్రయోగాల్లోని అసలు సంగతి మరుగున పడిందని చాలా ఏళ్లుగా అద్దకం పని చేస్తున్న నాకు అనిపించింది.

బట్టను కట్టి, ముడిచి రంగులో ముంచే జపాను షిబోరి అద్దకంలో ‘అరాషి’ అనే పద్ధతి ఉంది. ఆ మాటకు తుపాను అని అర్థం. గుండ్రని కర్రకు బట్టను ఏటవాలుగా చుట్టి, దారంతో బిగించి, ఒక కొసకు నెట్టి ముడతలు పడ్డాక రంగులో ముంచుతారు. విప్పి చూస్తే ఈదురుగాలికి వాలిన వానజల్లులాంటి గీతలు కనిపిస్తాయి. అక్కడ వానను ఎవరూ బొమ్మ గీయలేదు. పలుచని పట్టుపై ఉన్ని పీచు పరచి, సబ్బు నీటితో తడిపి రుద్దే పద్ధతి కూడా ఇటువంటిదే. ఉన్ని పోగులు పట్టు నేతలోకి దూరి, ఒకదానికొకటి పెనవేసుకొని కుంచించుకుపోతాయి. పట్టు కుంచించుకోదు కనుక చెట్టు బెరడులా ముడతలు దేరుతుంది. ఆ ముడత ఎక్కడ ఎంత లేస్తుందో చేసేవారు కొంతవరకే ఊహించగలరు. నీలిమందు సంగతి సరేసరి. తొట్టిలోంచి పసుపుపచ్చగా బయటికి వచ్చే బట్ట గాలి తగిలేకొద్దీ నీలమవుతుంది.

అలాగని సహజ పదార్థం వాడితేనే ప్రకృతి కళ అని నేను అనడం లేదు. నెదర్లాండ్స్ రూపకర్త ఐరిస్ వాన్ హెర్పెన్ 2010లో త్రీడీ ప్రింటింగుతో చేసిన దుస్తును ప్రదర్శించారు. అందులో నూలూ లేదు, పట్టూ లేదు. కానీ నీరు స్ఫటికంగా మారే తీరును గమనించిన చూపు ఉంది. నా దృష్టిలో పువ్వుల అచ్చు వేసిన నూలు చీరకన్నా అదే ప్రకృతికి దగ్గర. మరోవైపు, మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలీళ్ల నుంచి తీసిన దారంతో నేసిన బంగారువన్నె పైవస్త్రాన్ని 2012లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శించారు. దానికి రంగు అద్దలేదు, ఆ వన్నె దారానిదే. అద్భుతమే కానీ, అద్దాల పెట్టెలో ఉండవలసిన దాన్ని ధరించే కళ అనడానికి నాకు మనసొప్పదు.

మీ వ్యాసంలో మరొక లోపం ఉంది. సహజ రంగులన్నీ నిరపాయకరమన్నట్లు రాశారు. రంగు పట్టించడానికి కొందరు వాడే రాగి, క్రోమియం లవణాలు అటువంటివి కావు. ఇనుము నీరు కూడా కొలత తప్పితే బట్టనే తినేస్తుంది. ఆకులను బట్టలో చుట్టి ఆవిరి పట్టించే అద్దకంలో ఆకు అంచులు నల్లగా తేలాలన్న ఆశతో నేను ఒక పట్టు వస్త్రానికి ఆ నీరు ఎక్కువగా పట్టించాను. మొదట అందరూ మెచ్చుకున్నారు. రెండో ఏడు మడత మడతకూ చిరిగింది. తప్పు పూర్తిగా నాదే.

కాబట్టి ఇకముందు ఇటువంటి వ్యాసాల్లో ఫొటో కింద కళాకారుల పేరుతో పాటు పోగు ఏది, రంగు దేనిది, దాన్ని దేనితో పట్టించారు, ఉతకవచ్చా లేదా అన్నది కూడా రాయించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే ఆ దుస్తులను మనిషి తొడుక్కొని నడుస్తుండగా ఫొటో తీయించండి. మీ వ్యాసంలో ఫొటో వేసిన సన్నని మడతల గౌను అడుగు వేస్తేనే విచ్చుకునేది. దాన్ని కదలని బొమ్మకు తొడిగి చూపించారు.

ఇట్లు
మీ పాఠకురాలు