సంప్‌లో ఖాళీ ఎంత ఉంచాలో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అక్వేరియం సంప్ ఫిల్టర్ ఇంట్లోనే చేసుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. పెద్ద ట్యాంకుకి బోలెడు డబ్బు పోసి క్యానిస్టర్ ఫిల్టర్ (మూత బిగించిన డబ్బా ఫిల్టర్) కొనక్కర్లేదు, కింద స్టాండులో ఇంకో గాజు తొట్టె, అదే సంప్, పెట్టుకుంటే సరిపోతుందని చెప్పారు, బాగుంది. కానీ స్పాంజి, సిరామిక్ రింగులు, పంపు అన్నీ వివరంగా రాసి, కరెంటు పోతే ఏమవుతుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఎండాకాలంలో మన కరెంటు సంగతి ఎవరికి తెలియదు!

పై ట్యాంకు నీళ్లు వాటంతటవే పైపులోంచి కిందికి దిగి, అరల్లో వడకట్టుకుని, చివరి అరలో ఉన్న పంపుతో మళ్లీ పైకెక్కుతాయి. పంపు ఆగిందా, పైకి తోసే పైపే ఎదురు లాగడం మొదలుపెడుతుంది, దాని మూతి గాలికి తేలేదాకా ట్యాంకు నీళ్లు కిందికి దిగుతూనే ఉంటాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే దాదాపు 19 లీటర్లు. మూతిని మూడంగుళాల లోతున పెట్టారనుకోండి, 50 లీటర్ల పైమాటే. సంప్‌ని అంచుదాకా నింపమని మీ వ్యాసంలో ఉంది, మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోవాలి, హాల్లోకేగా?

అందుకని పైపు మూతి నీటిమట్టానికి కాస్త కిందే ఉండాలి, లేదంటే మట్టానికి ఆనుకుని కింద పైపుకి చిన్న రంధ్రం పెట్టాలి, మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి లాగుడు ఆగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టి పూడుకుపోతుంది, అప్పుడప్పుడు పుల్లతో పొడవాలి. షాపుల్లో నీళ్లని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టుకోమంటారు, నేనైతే దాని ఒక్కదాన్నే నమ్మను, చిన్న నత్త ఇరుక్కున్నా అది సరిగ్గా మూసుకోదు. చేపలు వెయ్యకముందే పంపు ప్లగ్ పీకి చూడండి. నీళ్లు దిగడం ఆగాక కూడా సంప్‌లో నాలుగు వేళ్ల ఖాళీ మిగిలితే, పంపు మళ్లీ ఆన్ చేసి, నడుస్తున్నప్పుడు మట్టం ఎక్కడుందో బయట మార్కర్‌తో గీత గీసి పెట్టుకోండి. ఎప్పుడు నింపినా ఆ గీత దాటొద్దు.

రింగుల్ని వారం వారం కుళాయి కింద కడగమని రాయడం ఇంకా దారుణం. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ రింగుల మీదే బతుకుతుంది, కొత్త ఫిల్టర్‌లో అది కుదురుకోవడానికే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతా కడిగి పారేసి, మర్నాడు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే మందు కోసం పరిగెత్తడం! కడగాల్సింది ముందు అరలో చెత్త పట్టే దూదిని. రింగులకి మరీ మడ్డి పడితే, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ఓసారి జాడిస్తే చాలు.

ఇంకోటి, పంపు డబ్బా మీద గంటకి ఇన్ని లీటర్లని వేసేది ఎత్తు లేనప్పటి లెక్క. నాలుగైదు అడుగులు ఎక్కించేసరికి బాగా పడిపోతుంది, కొనేముందు ఏ ఎత్తుకి ఎన్ని లీటర్లు ఎక్కిస్తుందో చెప్పే పట్టిక అడిగి చూసుకోవాలి. పై ట్యాంకు నీళ్లు కిందికి దిగే ఓవర్‌ఫ్లో పైపు కోసం గాజుకి రంధ్రం పెట్టించే వాళ్లు అది టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజేమో ముందే కనుక్కోండి, దానికి డ్రిల్ తగిలితే మొత్తం పొడిపొడి అయిపోతుంది.

వచ్చే వారం సవరణ వేస్తే, దయచేసి బొమ్మలో ఆ ఖాళీ గీత కూడా చూపించండి.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్