గజం ధర రాశారు, చివరి బస్సు ఎప్పుడో రాయలేదు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం స్థిరాస్తి అనుబంధంలో మధురవాడ నుంచి భోగాపురం దాకా గజం ధరలు చూపిస్తూ వేసిన పటం చూశాను. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారు విశాఖకు గానీ దాని శివార్లకు గానీ తరలిపోదలిస్తే ఇంకా ఆలస్యం చేయకూడదన్న ధోరణిలో కథనం సాగింది. పటంలో కూడళ్లు ఉన్నాయి, విమానాశ్రయం ఉంది, ఆరు వరుసల రహదారి ఉంది. రాత్రి చివరి బస్సు ఎన్ని గంటలకో లేదు. కుళాయి నీళ్లు ఎవరిస్తారో లేదు. ఇల్లు మారాలా వద్దా అని తేల్చుకోవలసిన కుటుంబానికి గజం ధర కంటే ముందు కావలసినవి అవే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయనగరంలో రిజిస్ట్రేషన్ కార్యాలయం దగ్గర చిన్న గదిలో దస్తావేజులు రాసి సంసారం ఈదినవాడిని. కంప్యూటర్లు వచ్చాక నా దస్తూరీతో పని తగ్గింది, ఆ తరువాత కళ్లు మొరాయించాయి. అయినా కాగితాలు పట్టుకుని ఇంటికి వచ్చేవారు వస్తూనే ఉన్నారు. స్థలాల వ్యాపారి కొనబోయేదాన్నే చూపిస్తాడు. దానికోసం అమ్ముకునేది ఏమిటో నాలాంటివాడికి కనిపిస్తుంది.

అమ్ముకునేది ఎక్కువగా ఊళ్లోని పాత ఇల్లే. అయ్యకోనేరు గట్టు దగ్గరో, కంటోన్మెంటులోనో తండ్రి కట్టించిన నూటయాభై గజాల ఇల్లు, పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు. దాన్ని అమ్మి మధురవాడలో మూడు పడకగదుల ఫ్లాటు కొంటారు. కొత్త దస్తావేజులో ముందు అపార్ట్‌మెంటు స్థలం మొత్తం విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు వివరంగా ఉంటాయి. అవి చదివి మురిసిపోతారు. ఆ కింద అవిభక్త వాటా, అంటే ఆ నేలలో విడగొట్టని భాగం, అని ఒక వాక్యం ఉంటుంది. అందులో ముప్పై అయిదో నలభయ్యో గజాలు, అవి కూడా ఇక్కడివి అని వేలు పెట్టి చూపించలేని గజాలు. మిగతా నూటపది గజాలు ఏమైనట్టు అని అడిగితే లిఫ్టు ఉందని, జనరేటరు ఉందని చెబుతారు. ఉంటే మంచిదే, మోకాళ్ల నొప్పులవారికి లిఫ్టు అవసరమే. కానీ వాళ్లు ఇల్లిచ్చి ఇల్లు పుచ్చుకున్నామనుకుంటున్నారు. నేల ఇచ్చి గోడలు పుచ్చుకున్నారని కాగితం చెబుతోంది.

ఇంకో లెక్క మీ కథనంలో లేనిది చెబుతాను. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. అరవై లక్షల ఫ్లాటు మీద నాలుగున్నర లక్షలు. అక్కడ పొసగక రెండేళ్లకే అమ్మి మరోచోట కొంటే మళ్లీ అంత పెట్టాలి. మధ్యవర్తి కమిషన్ వేరు. కొని చూద్దాం, కుదరకపోతే అమ్మేద్దాం అని తేలికగా అనేవారు ఈ సొమ్మును లెక్కలోకే తీసుకోరు. అద్దెకు వెళ్లి చూడడానికి అయ్యే ఖర్చు ఇందులో ఎన్నో వంతో లెక్కవేసుకోవచ్చు.

భోగాపురం సంగతి. ఆ విమానాశ్రయానికి శంకుస్థాపన రెండుసార్లు జరిగింది, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి. తొలి ప్రతిపాదనకు చాలా ఎక్కువ భూమి కావాలన్నారు, చివరికి సుమారు 2,200 ఎకరాల దగ్గర ఆగింది. ఈ మలుపులన్నిటిలోనూ మా గదుల ముందు చెప్పుల జతలు పెరిగేవి. రాయి పడిన వారం ఒక ధర, పని ఆగిన ఏడాది ఒక ధర. మొదటి దశలోనే ఏడాదికి అరవై లక్షల మంది ప్రయాణికులకు సరిపోయేలా తలపెట్టినది కనుక ప్రాంతం పెరుగుతుందన్న మాట నేను కాదనను. అయితే విమానాశ్రయం పక్కన స్థలం ఉండడం వేరు, అక్కడ కాపురం ఉండడం వేరు. విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు పరిమితులు ఉంటాయి. ఎన్ని అంతస్తులు వేయవచ్చో స్థలం అమ్మేవాడిని అడిగి చూడండి, మాట మారుస్తాడు. తమ ఊళ్లు ఖాళీ చేసి పునరావాస కాలనీలకు వెళ్లినవారి గురించి మీరు వేరే కథనం రాయాలి. తరలిపోవడం అనే మాటకు అసలైన అర్థం వారిని అడిగితే తెలుస్తుంది.

శివార్ల విషయంలో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. లేఔటుకు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. ఆమోదం ఉండడం తప్పనిసరి, లేనిది కొనవద్దు. కానీ ఆ సంస్థ చేసేది ప్రణాళిక, అనుమతి. మీ వీధిలో చెత్త ఎత్తేది, కాలువ తీసేది, దీపం వెలిగించేది స్థానిక సంస్థ. తగరపువలస భీమిలితో పాటు మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. ఆనందపురం, భోగాపురం పంచాయతీలు. పటం మీద అన్నీ ఒకే రంగులో, ఒకే నగరంలా కనిపిస్తాయి. వర్షం కురిసిన రాత్రి ఎవరికి ఫోను చేయాలో మాత్రం గ్రామానికీ గ్రామానికీ మారుతుంది. పంచాయతీని తక్కువ చేయడం లేదు. పదిహేను వందల గడపల కోసం ఏర్పడిన పంచాయతీ మీద ఒక్కసారిగా నాలుగు లేఔట్లు, ఆరు అపార్ట్‌మెంట్లు వచ్చి పడితే ఏ సర్పంచి మాత్రం ఏం చేస్తాడు?

నీళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం మా జిల్లాలో, గంట్యాడ మండలంలో ఉంది. విశాఖ తాగే నీటిలో ఆ నీరూ ఉంది. ఆ చెరువు కింద మడి ఉన్న ఒకాయన రెండు ఎకరాలు అమ్మి మధురవాడ పైవీధుల్లో ఫ్లాటు కొన్నాడు. ఆయన వేసవిలో ట్యాంకరు నీళ్లు కొంటున్నాడు. నెల నెలా నిర్వహణ ఖర్చు కింద వసూలు చేసే సొమ్ములో ట్యాంకర్ల వాటా ఎంతో నాకు చూపించి నవ్వాడు. ఆయన నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు.

ఇక మా ఇంటి సంగతి, ఎందుకంటే ఊరికి బుద్ధులు చెప్పి ఇంట్లో మాట దాచడం బాగుండదు. మా అబ్బాయి ఉద్యోగం రుషికొండ మీద కంప్యూటర్ కంపెనీలో. కోడలు ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఆమె బడి గజపతినగరం అవతల. ఒకరు దక్షిణానికి, ఒకరు ఉత్తరానికి. అబ్బాయి మోటారు సైకిలు మీద ఆనందపురం కూడలి దాటి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరేవరకు వాళ్ల అమ్మ వీధి గుమ్మం వదలదు. జాతీయ రహదారి మీద ఆ వేళ లారీలు ఎలా పోతాయో తెలిసినవారికి ఆమె భయం అర్థమవుతుంది. అందుకని మధురవాడలో ఫ్లాటు కొందామని వాడు, ఈ ఇల్లు అమ్మితే అప్పు లేకుండా వస్తుందని వాడి స్నేహితులు.

కోడలు మాత్రం ఒక రోజు కాగితం మీద తన బస్సులు రాసుకుని వచ్చింది. "మామయ్యగారూ, మధురవాడ నుంచి అయితే నేను అయిదున్నరకు బయలుదేరాలి. విజయనగరంలో బస్సు మారాలి. పిల్లవాడికి క్యారేజీ ఎవరు కడతారు?" అంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఛార్జీ లేదు, సంతోషం. పోయే సమయాన్ని తిరిగి ఇచ్చే పథకం మాత్రం ఎవరూ పెట్టలేదు. పటం మీద చూస్తే వాళ్లిద్దరి ఉద్యోగాలకూ నడుమ ఉన్నది విజయనగరమే. అంటే మా కుటుంబానికి సరిపడిన శివారు మేమున్న ఊరే అవుతోంది! ఈ మాట నేను అంటే స్వార్థం అనుకుంటారు, అందుకని నేను అనలేదు. మా ఆవిడ అంది.

అలాగని అందరూ ఉన్నచోటే ఉండిపోవాలని నా వాదన కాదు. ఉత్తరాంధ్రవారికి కదలడం కొత్త కాదు. మా తాతల తరం రంగూను వెళ్లింది, తండ్రుల తరం విశాఖ రేవుకు, షిప్‌యార్డుకు, మా తరం ఉక్కు కర్మాగారానికి. వైద్యం కోసం వెళ్లేవారిని అసలు ఒక్క మాట అనను. మా చెల్లెలి భర్తది ఉద్దానం, కవిటి దగ్గర. మూత్రపిండాల జబ్బు వచ్చి డయాలసిస్ కోసం కొబ్బరితోట కౌలుకిచ్చి పెందుర్తిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. తోట అమ్మలేదు, కౌలుకే ఇచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచాక తిరిగి వెళ్లే ఆలోచన వాళ్లకు కలిగిందంటే, వెళ్లడానికి తోట ఉండబట్టే.

శ్రీకాకుళం వారి లెక్క మా లెక్క కంటే వేరని కూడా మీ కథనం గుర్తించలేదు. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్ల లోపు. ఓపిక ఉన్నవారు రోజూ వెళ్లి రావచ్చు. శ్రీకాకుళం నుంచి నూరు దాటుతుంది. పైగా రైలు ఎక్కాలంటే ఆమదాలవలస దాకా పోవాలి, ఊరి పేరు పెట్టుకున్న స్టేషను ఊళ్లో లేదు. అక్కడివారికి రోజూ తిరగడం కుదరదు, మారడమా మానడమా రెండే దారులు. ఉదయం తొమ్మిదికి విశాఖలో దింపి, సాయంత్రం ఆరు తరువాత బయలుదేరే రైళ్లు, దారిలో గూడ్సు బళ్ల కోసం ఆపకుండా నడిస్తే కొత్తవలస, కోరుకొండ, చీపురుపల్లి, పొందూరు ప్రాంతాలవారు ఇల్లు అమ్ముకోకుండానే నగరంలో ఉద్యోగం చేసుకుంటారు. కొత్త రైల్వే జోనుకు విశాఖే కేంద్రం కదా, మొదట అడగవలసిన వరం ఇది. మా ప్రజాప్రతినిధులు వందేభారత్ ఆపమని అడిగినంత గట్టిగా ఉద్యోగుల వేళకు మామూలు రైలు అడగడం నేను వినలేదు.

కొనడానికే నిశ్చయించుకున్నవారికి నా వృత్తి ధర్మంగా నాలుగు మాటలు. 500 చదరపు మీటర్లు దాటిన లేఔటుకు గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనానికి గానీ రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. 2016 నాటి ఆ చట్టం ప్రకారం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు పుచ్చుకోకూడదు. ముందుగా కొంటే తక్కువకు వస్తుందని సగం సొమ్ము తెల్లకాగితం రసీదు మీద అడిగేవాడు ఉన్నాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో, పూర్వం డి-పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమేమో చూడండి. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ ముప్పై ఏళ్లకు తీయించండి. పదమూడేళ్లకు చాలంటారు కొందరు, చాలదు. ఇవన్నీ సరిగా ఉన్నా ఏడాది పాటు ఆ వీధిలోనే అద్దెకు ఉండి చూడండి, ముఖ్యంగా ఒక మే నెల, ఒక అక్టోబరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత ఏ వీధికి ఎన్నాళ్లకు కరెంటు వచ్చిందో పాత కాపురస్థులను అడిగితే చాలా తెలుస్తుంది.

మా ఇంట్లో ప్రస్తుతానికి తేలింది ఇది. ఇల్లు అమ్మడం లేదు. అబ్బాయి, కోడలు, మనవడు వచ్చే జూన్ నుంచి ఏడాది పాటు ఆనందపురంలో అద్దెకు ఉంటారు. అక్కడి నుంచి వాడికి దారి సగానికి పైగా తగ్గుతుంది, ఆమెకు విజయనగరం బస్సు నేరుగా దొరుకుతుంది. మా ఆవిడ నెలలో సగం రోజులు అక్కడ ఉంటానంటోంది. పూల మార్కెట్టు దగ్గరని ఒక కారణం చెప్పింది, అసలు కారణం మనవడు.

మీకు నా కోరిక ఒక్కటే. గజం ధరల పటం వేసే పేజీలోనే ఒక్కొక్క శివారు గ్రామానికి ఒక చిన్న పట్టిక వేయండి. మొదటి బస్సు, చివరి బస్సు ఎన్నింటికి, కుళాయి నీళ్లు రోజుకు ఎంతసేపు, ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఎంత దూరం, రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడ, చెత్త ఎత్తేది ఎవరు. మీ మండల విలేకరులకు ఇవి తెలియనివి కావు. వీలైతే ఆనందపురంతో మొదలుపెట్టండి. అక్కడ రెండు గదుల వాటా వెతుకుతున్నవారు మా ఇంట్లోనే ఉన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత దస్తావేజు లేఖరి,
విజయనగరం