స్కిట్టు వేరు, షాటు వేరు

సంపాదకులు గారికి,

కామెడీ షోలో నవ్వించిన మనిషి రాత్రికి రాత్రే దర్శకుడయ్యాడని సిరిసిల్ల వేణు ఎల్దండి గురించి ఇప్పటికీ అంటున్నారు. ‘మున్నా’ సినిమాలో ఆయన టిల్లుగా కనిపించింది 2007లో. ఆయన స్కిట్టులు చేసిన టీవీ షో ‘జబర్దస్త్’ మొదలైంది 2013లో. ఆయన దర్శకత్వం వహించిన ‘బలగం’ విడుదలైంది 2023 మార్చి 3న. మధ్యలో పడ్డ కష్టాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం.

టీవీ అలవాట్లు కొన్ని సినిమాకు అడ్డం పడతాయి. స్కిట్టులో నవ్వు రాగానే ఆగి, అది తగ్గినంక తర్వాతి మాట అందుకుంటారు. సినిమా సెట్టు మీద నవ్వేవాళ్లుండరు. అయినా అట్లనే ఆగితే ఎడిటింగులో మాటమాటకూ ఖాళీ మిగులుతుంది. నలుగురు కెమెరాకు ముఖం పెట్టి వరుసగా నిలబడితే టీవీకి సరిపోతుంది, థియేటర్ తెర మీద గ్రూపు ఫొటోలా ఉంటుంది.

స్కిట్టు మొదటి నుంచి చివరిదాకా వరుసగా నడుస్తుంది. సినిమా సీన్లు మాత్రం లొకేషన్ ప్రకారం తీస్తారు. ‘బలగం’ లాంటి చావింటి కథలో మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు సీన్లు ఒకే వాకిట్లో ఒకే పూట తీయాల్సి రావచ్చు. ఎవరికి ఎవరి మీద కోపం ఎంతదాకా వచ్చింది, గడ్డం ఎంత పెరిగింది అన్నది స్క్రిప్టు పక్కన సీను సీనుకూ రాసుకోవాలి. లేకుంటే మూడో రోజు గొంతు పోయిన మనిషి ఐదో రోజు గలగలా మాట్లాడతాడు.

దర్శకుడే నటిస్తే ఇంకో చిక్కు. (‘బలగం’లో వేణు కూడా ఒక పాత్ర వేశారు.) తన చోట ఇంకొకరిని నిలబెట్టి ఫోకస్, లైటు చూసుకోవాలి. మానిటర్ దగ్గర యాస తెలిసిన మనిషి ఉండాలి. టేకు అయ్యాక ప్లేబ్యాక్, అంటే తీసిన షాటును మళ్లీ వేసి చూడాలి. పొద్దు వాలుతుంటే మొదట వదిలేసేది ఈ ప్లేబ్యాకే. అప్పుడు ఎదుటివారి నటన చెడినా, తన డైలాగు ధ్యాసలో ఉన్న దర్శకుడికి తెలియదు.

చనిపోయిన పెద్దాయన పేరిట పిట్టకు ముద్ద పెట్టి ఇంటిల్లిపాదీ ఎదురుచూసే సీన్లే మాకు ‘బలగం’లో అన్నిటికన్నా గొప్పవి. కామెడీ స్టేజీ మీద అంతసేపు మాట లేకపోతే స్కిట్టు పడిపోయినట్టే లెక్క. అక్కడ పెరిగిన మనిషి ఆ భయం విడిచిపెట్టాడు. చివరికి కథను వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన, కథలు పాడే బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, దివంగత మొగిలయ్యల గొంతుకు అప్పజెప్పాడు.

వరంగల్, కరీంనగర్‌లలో ఫోన్లతో షార్ట్ ఫిల్ములు తీసే పిల్లలు చాలామంది ఉన్నారు. కలెక్షన్ల వార్తలతో పాటు ఈ పనితనం గురించి కూడా మీ జిల్లా పేజీల్లో వారానికొకసారి రాయించండి.

– కొందరు నాటక కళాకారులు, హనుమకొండ