గోడౌన్లు మూసేస్తున్నారు: సంతకం పెట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం. మన హోల్‌సేల్ కంపెనీ రాజాం, బొబ్బిలి గోడౌన్లు ఈ నెలాఖరుకి మూసేస్తారన్న మాట నిజమే. నిన్న సాయంత్రం మేనేజర్ గారే బిల్లింగ్ వాళ్లను పిలిచి చెప్పారు. శ్రీకాకుళం గోడౌన్ సంగతి ఇంకా తేల్చలేదు. కిరాణా కొట్ల నుంచి బాకీలు వసూలు కాక హోల్‌సేల్ నడవడం లేదని మనకు తెలియంది కాదు. పండక్కి కూడా నూనె లోడు దిగలేదంటేనే నాకు అనుమానం వచ్చింది.

ఒక్కటి గట్టిగా చెబుతున్నాను. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. 'పెడితేనే జీతం వేస్తాం' అన్నా సరే. మనంతట మనమే మానేశామని రాసిచ్చాక పరిహారం అడగడానికి నోరుండదు. ఏడాది సర్వీసు నిండిన కార్మికుణ్ణి తీసేస్తే నెల ముందు నోటీసు, లేదా దాని బదులు నెల జీతం ఇవ్వాలి. పైగా ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం. అయిదేళ్లు దాటితే గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు ఇచ్చే డబ్బు, వేరు. నెలకు బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 13,000 ఉండి ఆరేళ్లు చేసినవాళ్లకు గ్రాట్యుటీ: 13,000ను 26తో భాగించి, 15తో, 6తో హెచ్చిస్తే 45,000 రూపాయలు.

నా టెన్షనంతా హమాలీ అన్నల గురించే. కాంట్రాక్టరు కింద ఉన్నారు, చేతిలో చీటీ ముక్క లేదు. హాజరు పుస్తకంలో మీ పేరున్న పేజీలు ఇప్పుడే ఫొటో తీసుకోండి. పీఎఫ్ కోసిన డబ్బు జమైందో లేదో ఉమంగ్ యాప్‌లో అందరూ చూసుకోండి.

ఆదివారం ఉదయం 10 గంటలకు విజయనగరం కోట దగ్గర కలుద్దాం. అపాయింట్‌మెంట్ ఆర్డరు, పే స్లిప్పుల జిరాక్సులు తెండి. సోమవారం లేబర్ ఆఫీసుకు వెళదాం. సూపర్‌వైజర్లూ ఈ గ్రూపులో ఉన్నారు, చదవనివ్వండి, వాళ్ల ఉద్యోగాలూ పోతున్నవే కదా.