పెంబర్తి ఇత్తడి మెట్రో స్టేషన్‌లో ఎందుకు ఉండకూడదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

అబ్బాయి దగ్గరికి న్యూయార్క్ వెళ్లి నాలుగు నెలలు ఉండొచ్చాను. అందరూ లిబర్టీ విగ్రహం చూశావా అని అడుగుతున్నారు గానీ నాకు మాత్రం అక్కడి సబ్‌వే, అంటే భూగర్భ రైలు స్టేషన్లే గుర్తుండిపోయాయి. అద్దంలా ఉంటాయనుకునేరు, ఎలుకలు తిరుగుతుంటాయి, వేసవిలో ప్లాట్‌ఫారం మీద ఒకటే ఉక్క. అయినా 14వ వీధి, 8వ అవెన్యూ స్టేషన్‌లో మెట్ల కింద, స్తంభాల పక్కన, ఎక్కడ పడితే అక్కడ జానెడూ మూరెడూ ఉన్న కంచు బొమ్మలు కూర్చుని ఉంటాయి. టామ్ ఆటర్‌నెస్ అనే శిల్పి చేశాడట, వందకు పైనే. మ్యాన్‌హోల్‌లోంచి మొసలి బయటికొచ్చి, తలకు బదులు డబ్బుమూట ఉన్న ఒకణ్ణి పట్టుకుంటుంది, దాని దగ్గర్నుంచి మా మనవడు రైలొచ్చినా కదలడే! వచ్చేపోయేవాళ్లు తడిమి తడిమి ఆ బొమ్మల నెత్తులు బంగారంలా మెరుస్తున్నాయి.

72వ వీధి స్టేషన్ గోడల మీద విక్ మునీజ్ అనే కళాకారుడు చేయించిన నిలువెత్తు మనుషుల బొమ్మలు, అంతా రంగు ముక్కలు అతికిన మొజాయిక్. ఒకాయన్ని జరగమని అడగబోయాను, కోడలు ఇప్పటికీ నవ్వుతోంది.

ఇవి స్టేషన్ అయిపోయాక తెచ్చి తగిలించినవి కావు. 1985 నుంచి అక్కడి రవాణా సంస్థలోనే ఈ పనికి ఒక విభాగం ఉంది. కట్టేటప్పుడో బాగుచేసేటప్పుడో కళాకారుణ్ణి పిలుస్తారు, కంచు, గాజు, టైల్స్ లాంటి గట్టి సరుకుతో చేయిస్తారు. మనం ఫ్లైఓవర్ స్తంభాలకు రంగులేస్తాం, నాలుగు వానలకు వెలిసిపోతుంది, మిగిలిన దాని మీద కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటిస్తారు.

ఆ 72వ వీధి స్టేషన్ 2017 జనవరి 1న తెరిచారు, మన హైదరాబాద్ మెట్రో అదే ఏడాది నవంబర్‌లో మొదలైంది. మన స్టేషన్లలో కళ్లకు కనిపించేవి ఎక్కువగా ప్రకటనలే. డబ్బు కావాలి కాబట్టి ప్రకటనలు వద్దనను, ఒక్క గోడ వదలమంటున్నాను. ఇత్తడి రేకు మీద బొమ్మ లేపే పెంబర్తి వాళ్లు వరంగల్ దారిలోనే ఉన్నారు, కథంతా వరస బొమ్మల్లో చెప్పే చేర్యాల నకాశీ చిత్రకారులు ఉన్నారు. ఆ బొమ్మలు టైల్స్ మీదికి ఎక్కిస్తే రైలు వచ్చేలోపు పిల్లలకు ఒక కథ అయిపోతుంది.

మెట్రో రెండో దశ అంటున్నారు కదా, డిజైన్లు ఖరారు కాకముందే మెట్రో అధికారులు ఈ కళాకారులను పిలిచి మాట్లాడాలి. అంతా కట్టేశాక పిలిస్తే వాళ్లకు దక్కేది ప్రారంభోత్సవం మెమెంటోల ఆర్డరే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్